కోడలు ఎక్కిన బస్సు

కోడలు గోడకి వీపు ఆనించి నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఎదురు గోడ మీది కాలెండరులో అంకెలు చదువుకుంటోంది. కాసేపు కుడి కన్ను, కాసేపు ఎడమ కన్ను. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు పైకి రావడం లేదు.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

కోడలు ఉలిక్కిపడి చెయ్యి దించేసింది. "ఏం లేదత్తయ్యా. కంట్లో నలక పడింది."

"రెండు కళ్ళలోనా?"

కోడలు నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్తగారికి నవ్వు రాలేదు. ఆవిడ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. తినకూడనిది తిని దాచిన రోగిని మొహం చూసి పట్టేసేది. అలాంటి కళ్ళకి ఇంట్లో మనిషి అబద్ధం ఆనకుండా పోతుందా?

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. అత్తగారు, ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే కొడుకు, కోడలు. కోడలు చెప్పుల దుకాణంలో పనిచేసేది. ఆ దుకాణం మూతపడింది. ఇప్పుడు పొద్దున్నే కంప్యూటర్ క్లాసుకని వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తోంది. అలా వెళ్ళడం మొదలెట్టినప్పటి నుంచీ ఏదో తేడాగానే ఉంది. కంప్యూటర్ నేర్చుకునేవాళ్ళ అరచేతులు గట్టిపడతాయా? పడ్డాయి. కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నప్పుడు బల్ల కింద ఎడమ కాలు మెల్లగా నేలని నొక్కుతుంది, వదులుతుంది, మళ్ళీ నొక్కుతుంది. కుట్టుపని నేర్చుకుంటోందా అంటే, మిషన్ తొక్కడానికి రెండు కాళ్ళూ కావాలి కదా అనుకుంది అత్తగారు. ఏదో నరాల జబ్బేమో. కళ్ళకీ నరాలకీ సంబంధం ఉంటుంది. పాపం, చెప్పుకోలేక దాచుకుంటోందేమో.

ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. బట్టలు ఉతకడానికి తీస్తుంటే కోడలి చొక్కా చేతికొచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. డీజిలు వాసన.

ఆ వాసన ఆవిడకి కొత్త కాదు. ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన చొక్కాలు ఉతికినంత కాలం ఈ వాసనతోనే కాపురం చేసింది. ఇన్నేళ్ళ తర్వాత అది మళ్ళీ తన ఇంటి బట్టల బుట్టలోకి వచ్చింది, అదీ కోడలి చొక్కాలోంచి. ఆవిడ బుర్ర నేరుగా ఒక్క చోటికే వెళ్ళింది. ఎవడో డ్రైవరున్నాడు!

సాయంత్రం కొడుకుని వరండాలో ఆపింది.

"ఒరేయ్, మీ ఆవిడ ఎక్కడికి వెళ్తోంది?"

"క్లాసుకమ్మా."

"ఏ క్లాసుకి?"

"కంప్యూటరు..." అని చెప్పులు విప్పుకోవడానికి వంగాడు. చిన్నప్పటి నుంచీ అంతే, అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి. వంగినా చెవులు కనిపిస్తూనే ఉన్నాయి.

వీడికీ తెలుసన్నమాట. తెలిసి ఊరుకుంటున్నాడా? పెళ్ళాం చేసేది తెలిసి నోరుమూసుకునే మగాణ్ణి కన్నానా అని ఆవిడకి ఒళ్ళు మండింది. మరి తెలిసి ఊరుకునే విషయమైతే అది తను అనుకున్నది కాదేమో. అయితే ఏమిటి? ఆలోచించిన కొద్దీ తల దిమ్మెక్కిపోయింది.

అది చాలదన్నట్టు మర్నాడు పోలీసు వచ్చాడు.

కొడుకూ కోడలూ బయటికెళ్ళిన తర్వాత వచ్చాడు. కోడలి పేరు చెప్పి, ఇక్కడేనా ఉండేది అని అడిగాడు. ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు, ఇరుగుపొరుగుతో గొడవలేమైనా ఉన్నాయా, కేసులేమైనా నడుస్తున్నాయా అని వరసగా అడిగి, చివర్న, "తాగే అలవాటుందా?" అన్నాడు.

"ఎవరికి, మా కోడలికా?"

"అడగాలండి. అందర్నీ అడుగుతాం."

అత్తగారు ఇంటి గుట్టు బయటివాడి ముందు పెట్టే మనిషి కాదు. "మా కోడలు బంగారం. ఎవరితోనైనా గట్టిగా మాట్లాడటం కూడా నేను ఎరగను. తాగడమా! టీ తాగడానికే నేను పది సార్లు పిలవాలి" అంది గుమ్మానికి అడ్డంగా నిలబడి. పోలీసు తలూపి రాసుకున్నాడు.

"ఇంతకీ ఏం చేసింది బాబూ?"

"ఏమీ చెయ్యలేదని రాసుకోడానికే వచ్చానండి. మిగతాది ఆవిడే చెప్తుంది" అని వెళ్ళిపోయాడు.

తలుపు వేసుకున్నాక ఆ బంగారం మీద ఆవిడకి ఎక్కడ లేని కోపం వచ్చింది. కళ్ళు, కాళ్ళు, డీజిలు, పోలీసు. ఇవన్నీ ఒక్క చోట కలిసే పని ఏదై ఉంటుంది? దొంగ సరుకు రవాణా తప్ప ఆవిడకి ఇంకేమీ తోచలేదు. ఇక అడగడం దండగ, కళ్ళారా చూడాల్సిందే అనుకుంది.

పొద్దున్నే కోడలు గేటు దాటగానే శాలువా తల మీదుగా కప్పుకుని వెనకాలే బయల్దేరింది. కోడలు సందు తిరిగి, మందుల షాపు దాటి, బస్టాపులో ఆగింది. బస్సొచ్చింది. ఎక్కేసింది. అత్తగారు మాత్రం మందుల షాపు మెట్ల దగ్గరే ఆగిపోయింది. కాలు ముందుకి పడలేదు.

ఆవిడ బస్సు ఎక్కి ఏళ్ళయింది. ఎంత దూరమైనా నడుస్తుంది, లేదంటే కొడుకు స్కూటరు మీద కూర్చుంటుంది. బస్సు మాత్రం ఎక్కదు. భర్త నడిపే బస్సు కింద ఒకడు పడి చనిపోయాడు. తాగిన మనిషి, పేవ్‌మెంటు మీంచి తూలి వెనక చక్రం కింద పడ్డాడు. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేల్చారు గానీ, అప్పటికే జనం ఆయన్ని సీట్లోంచి లాగి కొట్టేశారు. దెబ్బలు మానాయి. ఆయన మాత్రం మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ రోజు ఏం జరిగిందో భార్యతో ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే "ఏం లేదు" అనేవాడు. ఆ "ఏం లేదు" తోనే పోయాడు. కోడల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు అత్తగారు అడిగింది ఒక్కటే. ఆ పిల్ల పుట్టింట్లో వాళ్ళ నాన్నగారి పాల వ్యాను తనే నడుపుతుందని విని, "మా ఇంటికొచ్చాక స్టీరింగు పట్టకూడదు" అంది. ఆ పిల్ల సరేనంది.

మందుల షాపు మెట్ల మీద నిలబడ్డ మనిషికి ఆ సంగతి గుర్తొచ్చి కూడా అనుమానం అటు మళ్ళలేదు. మాట ఇచ్చింది కదా అనుకుంది.

మరుసటి రోజు మాత్రం వదల్లేదు. కోడలు ముందు తలుపులోంచి ఎక్కితే, ఆవిడ పళ్ళు బిగించి వెనక తలుపులోంచి ఎక్కింది. తలుపు బుస్సుమని మూసుకోగానే రెండు చేతుల్తో రాడ్డు పట్టుకుని కళ్ళు మూసుకుంది. మూసుకుంటే కోడలు ఎక్కడ దిగుతుందో తెలియదని మళ్ళీ తెరిచింది. పక్కన నిలబడ్డ ఆయన, "పెద్దమ్మా, నా చెయ్యి కూడా పట్టుకున్నారు" అన్నాడు. చూస్తే నిజమే.

కోడలు చివరి స్టాపులో దిగింది. ఎదురుగా బస్సు డిపో. లోపల ఖాళీ స్థలంలో ఒక పాత బస్సు ఆగి ఉంది. దాని పక్కన నెరిసిన మీసాల మనిషొకడు. కోడలు నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది. "వీడే!" అనుకుంది అత్తగారు. గేటు ఊచలు పట్టుకుని చూస్తోంది. ఆ మీసాలాయన బస్సు ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నది కోడలు.

బస్సు వెనక్కి కదిలింది. రెండు వరసల డ్రమ్ముల మధ్య సందులోకి మెల్లగా, వంకర తిరుగుతూ దూరింది. "అద్దం చూడు! తల తిప్పడం కాదు, అద్దం!" అని మీసాలాయన అరుపు గేటు దాకా వినిపించింది. ఒక్క డ్రమ్ముకీ తగలకుండా బస్సు లోపలికి వెళ్ళి ఆగింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు గేటు కాపలాదారు.

"ఆ బస్సులో... ఎవరు?"

"కొత్తగా తీసుకున్న డ్రైవరమ్మ. చాలామంది వచ్చారు పరీక్షకి. కంటి పరీక్షలో కొందరు పోయారు, ఇదిగో ఈ వెనక్కి పెట్టడంలో ఇంకొందరు. ఈవిడ నెగ్గింది. పోలీసు విచారణలో కూడా మంచి పేరే వచ్చిందట. సోమవారం నుంచి రూటెక్కుతుంది. మీకేమవుతుంది?"

అత్తగారు పక్కనున్న బెంచీ మీద కూలబడింది. జబ్బు లేదు, మగాడు లేడు, దొంగ సరుకు లేదు. ఆ మూడింట్లో ఏదో ఒకటి అయినా బాగుండేదనిపించింది.

శిక్షణ అయ్యాక బయటికొచ్చిన కోడలు బెంచీ మీద అత్తగారిని చూసి ఉన్నచోటే ఆగిపోయింది.

"అత్తయ్యా, మీరెలా వచ్చారు?"

"బస్సులో" అంది అత్తగారు. "ఇంటికి మాత్రం నడిచే వస్తాను. నీ ఇష్టం."

ఇద్దరూ నడిచారు. పక్క నుంచి బస్సు వెళ్ళినప్పుడల్లా అత్తగారు పేవ్‌మెంటు లోపలి వైపుకి జరుగుతోంది. చివరికి కోడలే నోరు విప్పింది.

"మాట తప్పాను. తిట్టండి."

"ఇంకే పనీ దొరకలేదా నీకు?"

"దొరికేది. బట్టల షాపులో రమ్మన్నారు. కానీ నాకు బండి నడపడం ఇష్టమత్తయ్యా. చెప్పుల దుకాణంలో అందరి కాళ్ళ దగ్గరా వంగి కూర్చున్నప్పుడు కూడా రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని ఏ గేరులో ఉందో చెప్పుకునేదాన్ని. ఇంతకంటే సాకు ఏమీ లేదు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వద్దంటారు."

"అంటాను. అనే హక్కు నాకు లేదా?" అత్తగారు ఆగిపోయింది. "మీ మామగారు నాకు ఏమీ చెప్పలేదే. బస్సు కింద ఎవరో పడ్డారని పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది నాకు. కొట్టారని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. ఆయన నోట మాత్రం 'ఏం లేదు'. ఇప్పుడు నువ్వు కంట్లో నలక అంటావు, వాడు కంప్యూటరంటాడు. నా ఇంట్లో అన్నీ నాకు బయటివాళ్ళే చెప్పాలా? పోలీసు, గేటు దగ్గరి వాడు, వీళ్ళా?"

కోడలి కళ్ళు నిండాయి. కళ్ళు తుడుచుకుని అత్తగారి చేతిలోని సంచి అందుకోబోయింది. అత్తగారు ఇవ్వలేదు, వెనక్కి లాక్కుంది. ఇంకొంచెం దూరం నడిచాక అడిగింది:

"మీ మామగారికి వచ్చినలాంటి రోజు నీకూ వస్తే ఏం చేస్తావు?"

"రాదని చెప్పలేను. వస్తే తలుపులు, కిటికీలు వేసుకుని లోపలే ఉండమన్నారు శిక్షణలో. కంట్రోల్ రూముకి ఫోన్ చెయ్యమన్నారు. అదే చేస్తాను. తర్వాత..." అని ఆగి, "తర్వాత ఇంటికొచ్చి మీకు చెప్తాను. ఎంత ఘోరమైనా మొత్తం చెప్తాను" అంది.

అత్తగారు ఆ మొహంలోకి ఆస్పత్రి చూపు చూసింది. అబద్ధమేమీ కనిపించలేదు. అయినా నమ్మినట్టు పైకి తేలనివ్వలేదు.

ఇంటికొచ్చాక కొడుకు పని పట్టింది. "చెవులు కప్పుకుని అబద్ధమాడు, ఈసారైనా" అంది. వాడు నిజంగానే రెండు చెవులూ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ నవ్వలేదు గానీ, వాడికి అన్నం మాత్రం పెట్టింది.

సోమవారం పొద్దున మందుల షాపు దగ్గర బస్టాపులో అత్తగారు నిలబడి ఉంది. కోడలు నడిపే బస్సు వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఆవిడ ఎక్కలేదు. ముందు చక్రం వైపు వంగి చూసింది, తర్వాత వెనక చక్రం.

"అత్తయ్యా, ఎక్కుతారా?"

"ఉండు. బ్రేకులు ఎవరు చూశారు?"

"మెకానిక్కు చూశాడు. నేనూ చూశాను."

"ఆ మెకానిక్కు ఎలాంటివాడు?"

లోపల్నుంచి ఎవరో, "అమ్మా, ఆఫీసుకి లేటవుతోంది, పెళ్ళి సంబంధం తర్వాత మాట్లాడుకోండి!" అని అరిచారు. బస్సంతా ఘొల్లుమంది. అత్తగారు అరిచినవాడి వైపు ఒక చూపు చూసి, ఎక్కి, డ్రైవరు వెనక సీటు దగ్గరికి వెళ్ళి అక్కడున్న కుర్రాణ్ణి లేపి కూర్చుంది. దారి పొడుగునా ఆవిడ కళ్ళు పేవ్‌మెంటు మీదే ఉన్నాయి. తూలేవాడు, ఫోను చూస్తూ నడిచేవాడు, రోడ్డు అంచున ఆడుకునే పిల్లలు, ఎవర్నీ వదల్లేదు. "ఆ ఎర్ర చొక్కా వాడి వాలకం బాలేదు, చూసుకో" అంది ఒకసారి. అప్పటికే కోడలు కాలు బ్రేకు మీద ఉంది. ఎర్ర చొక్కా వాడు అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటాడు.

చివరి స్టాపులో కోడలు ఇంజను ఆపి వెనక్కి తిరిగింది. అరచేతులు మోకాళ్ళకేసి తుడుచుకుంది.

"భయమేసిందా?" అంది అత్తగారు.

"వేసిందత్తయ్యా."

ఆ మాట చెవిన పడగానే ఆవిడ భుజాలు కిందికి దిగాయి. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

అక్కణ్ణుంచి అదే అలవాటైపోయింది. కోడలు డ్యూటీ దిగి ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే అత్తగారికి ఆ రోజు సంగతులన్నీ చెప్పాలి. ఎవరు అడ్డం వచ్చారు, ఎవరు తిట్టారు, ఎక్కడ గుండె ఝల్లుమంది. ఒకరోజు డిపోలో మలుపు తిప్పుతూ స్తంభానికి తగిలించి ఎడమ వైపు అద్దం పగలగొట్టింది. పై అధికారి చేత చీవాట్లు తిని వచ్చి, గుమ్మంలోనే అంతా చెప్పేసింది.

అత్తగారు చేతులు కట్టుకుని విని, కోడలి మొహాన్ని అటు నుంచి ఇటు పరీక్షగా చూసింది.

"అద్దమేనా? ఇంకేమీ లేదుగా?"

"అద్దమే అత్తయ్యా."

"ఊఁ" అంది ఆవిడ, పూర్తిగా నమ్మకుండానే. "సరే, కాళ్ళు కడుక్కుని రా. స్తంభం ఏ వైపున ఉందో మళ్ళీ మొదట్నుంచి చెప్పు."