ఎడమ బొటనవేలు

నేను ఒక హాజరు యంత్రాన్ని. గోడ మేకుకు వేలాడే నల్లటి డబ్బాని. వేలు పెడితే పేరు చూపించి థాంక్యూ అంటాను, పోల్చుకోలేకపోతే మళ్ళీ పెట్టమంటాను. నాకు వచ్చిన మాటలు ఈ రెండే. ఈ రెండు మాటలతోనే చచ్చిపోయిన మనిషిని నెలాఖరు దాకా పనికి రప్పించాను.

ఎక్కడ పుట్టానో నాకే సరిగ్గా తెలీదు. అట్టపెట్టెలో కళ్ళు మూసుకుని ప్రయాణం చేసి, పలాసలో ఢిల్లేశ్వర్రావు జీడిపప్పు ఫ్యాక్టరీలో కళ్ళు తెరిచాను. ఆయనకు దెయ్యాలంటే భయం లేదు గానీ ఇరవయ్యో మనిషంటే మహా భయం. పనివాళ్ళు ఇరవైమంది అయితే పీఎఫ్ కట్టాలి కదా. అందుకని ఎంతమంది జీడిపిక్కలు కొట్టి పప్పు తీసినా ఆయన కాగితాల మీద ఏళ్ళ తరబడి పంతొమ్మిది మందే ఉండేవారు. మిగతావాళ్ళు కూలి పుచ్చుకునే నీడలు.

చివరికి ఆయన లెక్కలు చూసే పురుషోత్తం పట్టుబట్టాడు. "ఇంక దాచలేం బావా. దొరికిపోతే పాత బకాయి, దానిమీద వడ్డీ, ఆపైన జరిమానా. కట్టీడమే నయం." అందరి పేర్లూ ఎక్కించి, నన్ను కొనిపించాడు. జీతంలో కొంత కోస్తారని, యజమాని కూడా కొంత కలుపుతాడని, ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్ళకు బీమా వస్తుందని ఆడవాళ్ళకు చెప్పాడు. వాళ్ళకు కోత ఒక్కటే అర్థమయింది.

వేళ్ళు ఎక్కించే రోజున తవిటమ్మ దగ్గర నా పని ఆగిపోయింది. వయసంతా పిక్కలు కొట్టిన చేతులవి. పది వేళ్ళూ పెట్టింది. ఒక్కదాని మీదా గీత లేదు, అంతా నున్నగా ఉంది. "జీడి తినీసింది బావూ, నానేటి సెయ్యను" అంది. పిక్క పెంకులోంచి కారి చర్మాన్ని కాల్చే ఆ జీడి నూనె ఆమె వేలి నుంచి నా అద్దం అంచున గోధుమరంగు మరకై అంటుకుంది. తర్వాత ఎవరెంత తుడిచినా పోలేదు.

పురుషోత్తం విసుక్కున్నాడు. "ఎవరిదో ఒక వేలు పెట్టీయండమ్మా. మనకి పేరు ఎక్కడం ముఖ్యం." పక్కనే ఆమె కూతురు కుసుమ ఉంది. పప్పు మీద పొట్టు తీసే పని ఆ పిల్లది, అందుకని వేళ్ళు ఇంకా బాగున్నాయి. కుడి బొటనవేలు తన పేరుకీ, ఎడమ బొటనవేలు తల్లి పేరుకీ పెట్టింది. ఇంత సులువుగా చట్టాన్ని ఒప్పించినందుకు అందరూ సంతోషించారు.

ఆనాటి నుంచి రోజూ అదే వరస. కుడి వేలు, కుసుమ. ఎడమ వేలు, తవిటమ్మ. పక్కన నిలబడ్డ తల్లి తెరమీద తన పేరు చూసుకుని మురిసిపోయేది. "నీ సేతి ఏళ్ళు నాలాగ అరిగిపోకముందే ఇక్కణ్ణుంచి ఎలిపోవాలే. కుట్టుమిషను పెట్టుకుందువు" అని ఎప్పుడూ అంటుండేది.

వానాకాలం జ్వరంలో తవిటమ్మ పోయింది. దినాలు కానిచ్చి కుసుమ పనికొచ్చింది. కుడి వేలు పెట్టింది. తర్వాత, అలవాటు చొప్పున, ఎడమ వేలు పెట్టింది. నా తెరమీద తవిటమ్మ వెలిగింది. నేను థాంక్యూ అన్నాను. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయి పేరు చెరిగిపోయేదాకా చూసింది.

మర్నాడు అలవాటు కాదు, కావాలనే పెట్టింది. ఆ తర్వాత రోజూ పెట్టింది. వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళు "అదింకా వొత్తాందే" అని గుసగుసలాడారు. నన్ను తాకే ముందు దణ్ణం పెట్టుకునేవాళ్ళు. నాకూ భయమేసేది. వద్దనడానికి నాకు మాట లేదు. నెలాఖరుకి తవిటమ్మ జీతం కవరు ఇవ్వబోతే కుసుమ పుచ్చుకోలేదు.

ఈలోగా తవిటమ్మ బీమాకి కుసుమ పేర పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. పోయిన తేదీ తర్వాత కూడా ఈమె పనికొచ్చినట్టు మీ హాజరు చెబుతోంది, ఏది నిజమని పీఎఫ్ ఆఫీసువాళ్ళు అడిగారు. ఢిల్లేశ్వర్రావుకి చెమటలు పట్టాయి. పురుషోత్తం ఉపాయం చెప్పాడు. "పోయే ముందునెలే పని మానీసిందని రాసీసి, ఆ హాజరంతా యంత్రం పిచ్చిదని తీసీద్దాం. దాచుకున్న పీఎఫ్ వచ్చీస్తాది."

"మరి బీమా?" అంది కుసుమ.

"మానీసినోళ్ళకి అది రాదమ్మా. పోనీ, నిజం చెబుదామా? దొంగ హాజరని నీమీదే కేసు పెడతారు."

బీమా పోతే కుట్టుమిషనూ పోయినట్టే. అయినా ఆ పిల్లకి మండింది దానిక్కాదు. "మాయమ్మ పని మానలేదు. జొరంతోనే పిక్కలు కొట్టింది" అంది.

విచారణకి పీఎఫ్ ఆఫీసు నుంచి ఒకావిడ అధికారి వచ్చింది. ఢిల్లేశ్వర్రావు నోరు తెరవకముందే కుసుమ నా దగ్గరకు నడిచి ఎడమ బొటనవేలు పెట్టింది. తవిటమ్మ పేరు వెలిగింది.

"నానే పెట్టినానండి. మొదట్నుంచీ నానే. అమ్మ ఏళ్ళు దీనికి అందలేదు. పోయినాక పేరు సూడాలనిపించి పెట్టినాను. జీతం ముట్టుకోలేదు."

అధికారి జీతాల పట్టీ తెప్పించి, ఆ నెల తవిటమ్మ పేరు పక్కన సంతకం లేని గడి చూసింది. యజమానిని పక్కకు పిలిచి ఏం మాట్లాడిందో గాని, ఆయన అన్నం మానేసి కూర్చున్నాడు. కుసుమ మాటను మాత్రం ఉన్నదున్నట్టు రాసుకుంది. బీమా మంజూరైంది. తవిటమ్మ పోయేనాటికి ఉద్యోగంలోనే ఉన్నట్టు కాగితం ఒప్పుకుంది. దానికి బదులు, నాలోంచి ఆ పేరు తుడిచెయ్యమన్నారు. పురుషోత్తం మీట నొక్కాడు.

పని మానేసే రోజున కుసుమ చివరిసారి ఎడమ వేలు పెట్టింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే అన్నాను. అంత పాడు మాట నేనింకెవరితోనూ అనలేదు. ఏడుస్తూనే కొంగుతో నా అద్దం తుడవబోయి, అంచున ఉన్న మరక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు మొహం చూసి హాజరు వేసే యంత్రం వచ్చింది. నేను కాశీబుగ్గలో పాతసామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్ల మధ్య ఉన్నాను. కొట్టువాడు నన్ను అమ్ముడుపోయేలా చెయ్యాలని కిరసనాయిలు పెట్టి రుద్దుతుంటాడు. అద్దం తళతళలాడుతుంది. అంచున ఆ గోధుమరంగు మరక మాత్రం పోదు. నాలోకి ఎక్కని ఒకే ఒక్క వేలు తవిటమ్మది. నాలోంచి వదిలిపోనిదీ అదే.