పాడుకాని పెట్టె

మెకానిక్ మూడో స్క్రూ విప్పి పెదవుల మధ్య బిగించాడు. విప్పిన స్క్రూలు నోట్లో పెట్టుకోవడం అతని అలవాటు. అందుకే పెట్టె మూత తిరిగి బిగించేదాకా ఎవరేమడిగినా "ఊఁ" తప్ప మరో మాట రాదు. బిగించాక మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు.

అది వీడియో గేముల పెట్టెలు బాగుచేసే దుకాణం. గుమ్మానికి కుడివైపు బల్ల అతనిది. అక్కడ నల్లపెట్టె కంపెనీవి విప్పుతారు. ఎడమవైపు బల్ల అతని బావమరిదిది. అక్కడ తెల్లపెట్టె కంపెనీవి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే టిఫిన్ క్యారియర్. దుకాణం గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

మెకానిక్ సన్నగా, పొడుగ్గా, సగం మడిచిన గొడుగులా ఉంటాడు. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పెంచాడు, మూత సందులో దూర్చడానికి. పెట్టెకు చెవి ఆనించి, ఫ్యాను చప్పుడు విని రోగం చెప్పగలడు. ఆట మాత్రం జీవితంలో ఒక్కసారే ఆడాడు. మొదటి మలుపులోనే కారు ఏట్లో పడింది. ఏటి నీళ్ళు అచ్చం నీళ్ళలాగే ఉన్నాయని అరగంట మెచ్చుకుని, మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ రోజు మూడో స్క్రూ నోట్లో ఉండగానే ఓనరమ్మ వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది.

"రెండు కంపెనీలూ ఒకే మాట రాశాయి. దుకాణం మీద వాళ్ళ బోర్డు పెట్టుకుంటే అవతలివాళ్ళ పెట్టె ముట్టుకోకూడదట. బోర్డు లేకపోతే విడిభాగాలివ్వరట. సాయంత్రానికి ఏదో ఒకదానికి సరేననాలి. రెండో బల్ల తీసేయక తప్పదు."

"ఊఁ" అన్నాడు మెకానిక్.

బావమరిది మొహం మాడిపోయింది. అతనికి చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు. మెకానిక్‌కి పిల్లలు లేరు గానీ, ఈ బల్ల లేకపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియదు. అయినా అతనికి బెంగ కలగలేదు. మంచి పెట్టె ఏదో లోకానికి తెలియదా?

మధ్యాహ్నం ఒక తాతగారు వచ్చారు. మనవరాలికి కొనాలట, ఏది మంచిదని అడిగారు. ఆ దుకాణంలో అడగకూడని ప్రశ్న అదొక్కటే.

"తెల్లదే తీసుకోండి తాతగారూ," బావమరిది అందుకున్నాడు. "నెలనెలా చందా కడితే వందల ఆటలు. నల్లదాంట్లో ఒక్కో ఆటా విడిగా కొనుక్కోవాలి."

"వందలుండి ఏం లాభం? ఆడదగ్గవి నాలుగు!" మెకానిక్ స్క్రూలు ఉమ్మేశాడు. "నల్లదాంట్లో బొమ్మ చూడండి. మనిషి మొహం మీద చెమట కూడా కనిపిస్తుంది."

"ఆ చెమట బొమ్మది కాదు బావా, పెట్టె వేడికి ఆడేవాడిది."

"వేడెక్కినా ఆగదురా. నీ తెల్లది ఎండాకాలం రాగానే మూర్ఛపోతుంది. దాని కంట్రోలర్ మీది పుల్లయితే నాలుగు నెలలకే పాడై, ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మని పక్కకి నడిపిస్తుంది."

"ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళ మాటలవి! ముందు నీ పెట్టె లావు చూసుకో. దానికో గది కట్టించాలి."

తాతగారు ఓపిగ్గా విన్నారు. "దేనికి బొత్తాలు తక్కువుంటాయి నాయనా? పిల్ల నన్ను కూడా ఆడమంటుంది."

ఇద్దరూ ఓనరమ్మ వైపు చూశారు. తాతగారు చేతిలో పట్టేంత చిన్నపెట్టె చేసే మూడో కంపెనీ పేరు ఓనరమ్మ చేత కాగితం మీద రాయించుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రమైంది. ఓనరమ్మ అడగకముందే మెకానిక్ లేచి చొక్కా సర్దుకున్నాడు.

"అమ్మా, పంతొమ్మిదేళ్ళ అనుభవంతో చెబుతున్నా. నల్లపెట్టె ఒకసారి బాగుచేస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. కొత్తరకమైతే పాడే కాదు. ఈ నెలంతా నా దగ్గరికి రెండంటే రెండు వచ్చాయి. అదే తెల్లది, పనిలేని అల్లుడు అత్తారింటికి వచ్చినట్టు వస్తూనే ఉంటుంది. వీడి అరలు చూడండి, చీమకైనా చోటుందా?"

ఓనరమ్మ చూసింది. ఎడమవైపు నేల నుంచి కప్పుదాకా తెల్లపెట్టెలు. కుడివైపు అరలో ఒక నల్లపెట్టె, దాని పక్కన ఆవిడ చేతిసంచి.

"నిజమే," అంది నెమ్మదిగా. "పాడుకాని పెట్టెకి బోర్డు పెట్టుకుని మనమేం బాగుచేస్తాం?"

అప్పుడు మెకానిక్ నోట్లో స్క్రూలు లేవు. అయినా "ఊఁ" అనే వచ్చింది.

బావమరిది గబగబా ముందుకొచ్చాడు. "అమ్మా, బావ తెల్లవి కూడా విప్పగలడు. నా పక్కనే కూర్చుంటాడు."

ఓనరమ్మ తల వంచుకుంది. ఇద్దరిని పెట్టుకునే స్తోమత దుకాణానికి లేదని ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఆవిడ చేత అనిపించడం మెకానిక్‌కి ఇష్టం లేకపోయింది.

"నోర్ముయ్ రా. ఇన్నేళ్ళు తిట్టిన పెట్టెని ఏ మొహం పెట్టుకుని విప్పమంటావు?"

అతను కూర్చుని, మిగిలిన ఆ ఒక్క నల్లపెట్టె మూత బిగించాడు. కరెంటు పెట్టి, చెవి ఆనించి విన్నాడు. ఫ్యాను చప్పుడు నిద్రపోయే పసిపాప ఊపిరిలా ఉంది. తల ఆడించి, పనిముట్లు గుడ్డలో మూటకట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు. "అక్క అడిగితే ఏం చెప్పను బావా?"

"నువ్వు చెప్పేదేంటి? నేనే చెబుతా, నల్లపెట్టె గెలిచిందని."

"గెలిచిందా?"

"మరి? దానికి మెకానికే అక్కర్లేదని ఓనరమ్మే అంది కదరా!"

తన మాటకి తానే నవ్వుకుంటూ వీధిలోకి దిగాడు. మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

లైట్లు ఆర్పబోతూ బావమరిది కుడివైపు బల్ల చూశాడు. ఫ్యాను రెక్కలు తోమే పాత పళ్ళబ్రష్షు అక్కడే ఉండిపోయింది. కుచ్చంతా ఒకే పక్కకి వాలి, నడుమ ఎవరింటిదో బూడిదరంగు దుమ్ము చిన్న ఉండ.