చేప కడుపులో జీపు

వాగు నీళ్లలో బండిని తోసుకుంటూ ముత్తయ్య దాన్నే తిడుతున్నాడు. పామేడు చుట్టుపక్కల తిరిగినంత దూరం నిలువునా పైకి పోయి ఉంటే ఆ బండి ఈపాటికి చంద్రుడి మీద పంక్చర్ వేయించుకునేదని అతని మాట.

"నీకన్న నా పెండ్లామే నయం. నేను తిడితే అది మళ్ల తిడతది. నీకు నోరన్న లేకపాయె."

నానా తంటాలు పడి అవతలి ఒడ్డెక్కాడు. బక్క మనిషి. గోరింటాకు పెట్టిన ఎర్రటి జుట్టు, గుండీ ఊడిన ఖాకీ చొక్కా, ఎండాకాలం చెరువులా పగుళ్లు తీసిన మడమలు. బండికి స్టాండు వేస్తూ మద్దిచెట్టు కింద బోర్లించిన నులక మంచాన్ని చూశాడు. నాలుగు కోళ్లూ ఆకాశానికేసి ఉన్నాయి. మనిషిని మోసుకొచ్చిన మంచాన్ని, ఆ మనిషి పోయాక ఇక్కడివాళ్లు మళ్లీ ఇంటికి తీసుకుపోరు.

ముత్తయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు.

"ఎవరివో గని, నా వాళ్లల్ల ఒకనివి కాకుంటే చాలు" అని మొక్కి, బండెక్కాడు.

అతని వాళ్లంటే ఈ ఊళ్లలో సికిల్ జబ్బున్నవాళ్లు. కీళ్లు, ఎముకలు సుత్తితో కొట్టినట్టు నొప్పి పెట్టే జబ్బు. బీజాపూర్ డాక్టరు సత్యమూర్తి పంపే గోలీలు వాళ్లకిచ్చి, ఉన్నారో లేదో కళ్లారా చూసి ఫోన్లో చెప్పడం ముత్తయ్య పని. చెప్పుకోవడానికి పెద్ద కొలువేం కాదు. మనిషి ఉంటే ఉన్నాడని చెప్పాలి, లేకపోతే లేడని. దానికి జీతమిస్తారంటే భార్య మొదట నమ్మలేదు.

ముందు మంగల్ ఇల్లు. మోకాళ్లకు గుడ్డలు కట్టుకుని వాకిట్లో తట్ట అల్లుతున్నాడు.

"ఉన్నవారా మంగల్?"

"లేను. సచ్చిపోయిన. బీడీ ఉంటే ఇయ్యి."

"సచ్చినోనికి బీడీ ఎందుకురా?"

"సచ్చినంక గూడ నీ మొఖం చూడాల్నంటే ఒక దమ్ము పడాలె గదనే."

ఇద్దరూ నవ్వారు. బీడీ అంటించి ముత్తయ్య అడిగాడు. "వాగు కాడ మంచం ఎవరిదిరా?"

మంగల్ చేతిలో వెదురుబద్ద ఆగింది. "లక్మే ఇంటికి పోతున్నవ్ గద" అన్నాడు తలెత్తకుండా. "పో."

ఆ మాటను అర్థం చేసుకోవాలని ముత్తయ్యకు అనిపించలేదు. బండిని పరుగెత్తించాడు.

ఈ కొలువులో చేరిన కొత్తలో సత్యమూర్తి అతనికి ఒక గీత గీసి చూపించాడు. అందరూ ఉన్నంతకాలం గీత తిన్నగా పోతుంది. ఒకరు పోతే ఒక మెట్టు దిగుతుంది. ఊరు విడిచి ఎటో వెళ్లి కనబడకుండా పోయినవాళ్లకు గీత మీద చిన్న గీటు, అంతే, మెట్టు దిగదు. మందు వాడేవాళ్ల మెట్లు, వాడనివాళ్ల మెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ జబ్బు ఎవరిని ఎంత తొందరగా తీసుకుపోతుందో తెలుస్తుందట.

ముత్తయ్య ఆ గీతను చాలాసేపు చూశాడు. "మా అమ్ము మెట్టు ఏది సార్?"

అమ్ము అతని కూతురు. ఈ జబ్బుకు ఒక పేరుందని ఊళ్లో ఎవరికీ తెలియని రోజుల్లో, వాతమనుకుని ఆకుపసరు పూస్తుండగానే పోయింది.

"లెక్క మొదలుపెట్టిన నాటికి ఉన్నవాళ్లే ఇందులోకి వస్తారు ముత్తయ్యా. అంతకుముందు పోయినవాళ్లు రారు" అన్నాడు సత్యమూర్తి మెల్లగా.

ఆ సాయంత్రం తిరుగు జీపులో ముత్తయ్య నోరు ఊరుకోలేదు. ఈ వాగులో ఒక వాలుగ చేప ఉందనీ, అది బీజాపూర్ జీపును జనంతో సహా మింగేసిందనీ కథ ఎత్తుకున్నాడు. జీపంతా పడీ పడీ నవ్వింది.

ఆ కథ పోనుపోను లక్మే కూతురు ఆయతి సొంతమైపోయింది. అమ్ము బతికుంటే ఆ పిల్ల ఈడుదే. జబ్బున్నవాళ్లు నీళ్లు బాగా తాగాలి, లేకపోతే నెత్తురు చిక్కబడి నరాల్లో అడ్డం పడుతుంది. ఆయతికేమో నీళ్లంటే బద్ధకం. అందుకే ముత్తయ్య ఒక సొరకాయ బుర్ర ఎండబెట్టి, నున్నగా గీకి తెచ్చిచ్చాడు. బుర్రలో నీళ్లు ఎంతవరకు దిగితే కథ అంతవరకే. మిగతాది మళ్లీ వచ్చినప్పుడు. చేప కడుపులో జనం కిరాయి కోసం కొట్లాడుకున్నారు. ఒక ముసలమ్మ బుట్టలో కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా చేసింది. డ్రైవరుకు పిల్లనిచ్చి పెళ్లి చేశారు. ఎప్పుడొచ్చినా ఆయతి ముందు అడిగేది ఒక్కటే.

"మామా, జీపు బత్తీలు ఎలుగుతనే ఉన్నయా?"

"ఎలుగుతనే ఉన్నయ్ బిడ్డా. తాగు."

ఇవాళ లక్మే ఒక్కతే గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏది నా కోడలు?"

"మిర్చి కోతకు పోయింది, అన్నా. ఎంకటాపురం దిక్కు."

ఆ మాట నమ్మడం ముత్తయ్యకు ఎంత ఇష్టమైందంటే, వెంటనే కోపం తెచ్చుకున్నాడు. "గా పానంతోని మిర్చి కోతకా? ఎండల నిలబడతదా అది? నీకు బుద్ధి ఉన్నదా లక్మే? గోలీలన్న పట్టుకపోయిందా? బుర్ర పట్టుకపోయిందా?"

లక్మే గింజలు తీస్తూనే ఉంది. ముత్తయ్య ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. ఆయతి పడుకునే మూలలో, అలికిన నేల మీద నాలుగు కోళ్ల గుంటలున్నాయి. మంచం లేదు.

అతను గోడకానుకుని మెల్లగా కూలబడ్డాడు.

"ఆయతి..."

"పేరు పెట్టి పిలవకు" అంది లక్మే. "పోయినోళ్లను అప్పుడే పిలవొద్దు."

తర్వాత ఆమే చెప్పింది. జ్వరం, ఆయాసం. పామేడు దాకా మోసుకుపోదామని మంచం ఎత్తారు. వాగు కాడికి వచ్చేసరికి చీకటి పడింది.

"గాడ కండ్లు తెరిచింది. అమ్మా, నీళ్లల్ల బత్తీలు కనబడుతున్నయా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"కనబడుతున్నయ్ అన్న."

ముత్తయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"అన్నా, మిర్చికి పోయిందనే డాక్టరుకు చెప్పు" అంది లక్మే. "నువ్వే చెప్పినవ్ గద, ఊరు ఇడిచినోళ్లకు మెట్టు దిగదని. నా బిడ్డను దించకు. ఊరూరా అబద్ధాలు చెప్పుకుంట తిరుగుతవ్. నాకోసం ఒక్కటి చెప్పలేవా?"

అంత చిన్న అబద్ధం చెప్పడం అతనికి లెక్క కాదు. జీపును మింగించినవాడు.

"మా అమ్ము ఆ గీతల లేదు చెల్లే" అన్నాడు చివరికి. "ఏడ ఎతికినా లేదు. పుట్టనే లేదన్నట్టు ఉన్నది. మిర్చికి పోయిందంటే నీ బిడ్డ గూడ గంతే, చిన్న గీటు. ఎందుకు పోయిందని ఎవడూ అడగడు. మెట్టు అంటే... ఉండె అని. గీడ ఒక పిల్ల ఉండె, పోయింది అని."

లక్మే ముఖం తిప్పుకుంది.

"మద్దిచెట్టు కిందనే మట్టి చేసినం. బుర్ర దాని తలకాడనే పెట్టినం" అంది అటే చూస్తూ. "పొద్దుగాల నింపి వచ్చిన. ఎండకు ఇంకిపోయి ఉంటది. పోయేటప్పుడు పోసి పో."

ఫోను పలికేది వాగు ఒడ్డునే. మద్దిచెట్టు కింద నిలబడి ముత్తయ్య బీజాపూర్ కలిపాడు.

"ముత్తయ్యా, ఏంటి సంగతి? అందరూ ఉన్నారా?" అవతల సత్యమూర్తి గొంతులో నవ్వుంది. ఎప్పుడూ లోకంలో లేని వింత ఒకటి చెప్పిగానీ ముత్తయ్య అసలు మాటకు రాడు.

"ఆయతి సచ్చిపోయింది సార్."

అంతే చెప్పి ముత్తయ్య ఫోను జేబులో వేసుకుని, మంచం అవతలికి వెళ్లాడు. పొద్దున వాగువైపు నుంచి చూసినందుకు బుర్ర కనబడలేదు. మూడు రాళ్ల మధ్య ఆనించి ఉంది. తీసుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగి, ముంచి, బుడబుడమని చప్పుడు ఆగేదాకా పట్టుకున్నాడు.

తెచ్చి మళ్లీ రాళ్ల మధ్య పెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"జీపు ఒడ్డుకు వచ్చింది బిడ్డా. అందరు దిగిండ్రు" అన్నాడు.

ఇంకేదో కలపబోయాడు. రాలేదు. లేచి బండిని నీళ్లలోకి తోశాడు. ఈసారి దాన్ని తిట్టలేదు.

వెనక ఒడ్డున, బోర్లించిన మంచం నీడలో, మూతి దాకా నిండిన సొరకాయ బుర్ర ఒంటి మీద నుంచి ఒక్కొక్క చుక్కే ఇసుకలోకి జారుతోంది.