ఎనిమిదో కవరు

ఆ ఇంట్లో చీపురు మార్చాలన్నా ముందు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాల్సిందే. ఇంటాయన లెక్కల మాస్టారు. కాగితం మధ్యలో స్కేలు పెట్టి గీత గీసి, ఎడమవైపు ‘పాతది’, కుడివైపు ‘కొత్తది’ అని రాసేవారు. ఇంట్లో అందరూ తలా ఒక మాట రాయాలి. రాయనివాళ్ళకి తర్వాత సణిగే హక్కు లేదు.

ఈసారి వంతు వ్యానుది. పద్దెనిమిదేళ్ళుగా ఇంటిల్లిపాదినీ మోసిన వ్యాను. అదే కంపెనీ అదే పేరుతో కొత్తది తెచ్చింది. పాతదాన్ని ఇచ్చేసి కొత్తది తేవాలని మాస్టారు ఉబలాటపడుతున్నారు.

కాగితం సాయంత్రానికే నిండిపోయింది. ‘ఏసీ చల్లదనం ముందు వరస దాటదు’ అని మాస్టారి భార్య రాసింది. ‘ఎత్తు ఎక్కితే ముసలాడిలా దగ్గుతుంది’ అని పెద్దకొడుకు, ‘వెనక్కి తీయాలంటే ఒకరు దిగి అరవాలి, కొత్తదానికి కెమెరా ఉంది’ అని చిన్నకొడుకు రాశారు. కోడలు ఏకంగా నాలుగు రాసింది. ఆమె పిల్లలిద్దరూ కొత్తదాని కింద బొమ్మ గీశారు. పాతదాని కింద ఒక్క మంచి మాట లేదు.

మిగిలింది కవర్లత్త.

ఆవిడ మాస్టారికి అక్క. పెళ్ళైన మూడేళ్ళకే భర్త పోతే కుట్టు మిషన్‌తో తమ్ముడింటికి వచ్చింది. కార్ల సీట్లకి కవర్లు కుట్టడం ఆవిడ పని. మేనల్లుళ్ళు పెట్టిన పేరు వాళ్ళ పిల్లల నోట్లోనూ అదే అయింది. వ్యానులో ఆవిడ చోటు చివరి వరసలో ఎడమ కిటికీ పక్కన. వాంతులొచ్చే పిల్లలు, పొర్లే సంచులు, అలిగినవాళ్ళు, అందరూ చివరికి ఆవిడ పక్కకే చేరేవారు.

“రాయక్కా, నీ ఒక్కదానిదే తక్కువ” అన్నారు మాస్టారు పెన్ను చేతికిచ్చి.

నిజానికి ఆవిడకి ఆ వ్యానంటే ప్రేమే. అందరూ తిడుతున్నప్పుడు తానొక్కతే మెచ్చుకుంటే బాగుండదని, తమ్ముడి ముచ్చటకి అడ్డుపడకూడదని, ‘తలుపు రెండు చేతులా లాగాలి. వెనక్కి ఎక్కుతుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి’ అని రాసింది. మాస్టారు ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు. అక్క బాధ తమ్ముడికి పట్టిందనుకుని ఆవిడ మురిసిపోయింది.

కొత్త వ్యానుకి కవర్లు తనే కుడతానంది. అదే వ్యాను కదా, కొలతలేం మారతాయని పాత కాగితపు అచ్చులు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సీటు పైన తల ఆనించుకునే దిమ్మెలకి తలానింపు కవర్లు ఎనిమిది కత్తిరించేసింది. ఇంట్లో ఎనిమిదిమంది. ఆవిడ చేతికి ఇంకో అంకె తెలియదు.

సీట్ల కొలతలకి మాత్రం షోరూమ్‌కి వెళ్ళింది. మధ్య వరసలో బెంచీ లేదు. చేతులు పెట్టుకునే దిమ్మెలతో రెండు వేరువేరు కుర్చీలున్నాయి. ముందు రెండు, మధ్య రెండు, వెనక మూడు. టేపు మెడలో వేసుకుని వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టింది.

“అమ్మా, ఇందులో ఒకటి తక్కువుందే!” అంది అమ్మకాలు చూసే ఆవిడతో.

“తక్కువేం కాదండీ. బెంచీ ఉన్న ఎనిమిది సీట్లదీ ఉంది. రెండిటి ధరా ఒకటే. మాస్టారిని రెండుసార్లు అడిగాను, మీ ఇంట్లో ఎంతమంది సార్ అని. ఏడుగురమే అన్నారు.”

“ఏడుగురమే అన్నాడా?”

“అవునండీ. మీరు వాళ్ళకి కవర్లు కుట్టే ఆవిడే కదా?”

“అవునమ్మా, కవర్లు కుట్టే దాన్నే” అంది కవర్లత్త, టేపు చుట్టుకుంటూ.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి అడిగింది. మాస్టారు తడుముకోలేదు. ఫ్రిజ్ మీది కాగితం చూపించారు.

“నువ్వే రాశావు కదక్కా, ఎక్కలేకపోతున్నానని. నీ రాతే ఇది.”

“ఎక్కడం కష్టమన్నానురా. ఎక్కనన్నానా?”

“ఎందుకొదినగారూ ఈ వయసులో తిప్పలు?” అంది మరదలు కూర తరుగుతూ. “మీరు ఇంట్లో ఉంటే మాకూ నిశ్చింత. తాళం వెతుక్కునే పని ఉండదు.”

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది ఆవిడకి. పోనీ, కుట్టనని మొండికేస్తే? ముప్పై ఏళ్ళు తిన్న కంచం అడ్డొచ్చింది. ఏడు కవర్లూ కుట్టింది. ఒక్క కుట్టు వంకర పోలేదు. బెల్టు బిగించే నొక్కు బయటికి రావడానికి ప్రతి సీటుకీ చీలిక పెట్టి, అంచు మడిచి కుట్టింది.

అంతలో కబురొచ్చింది. వేరే ఊళ్ళో కాపురముంటున్న మాస్టారి కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ కూతుర్ని పాలు మరిపించిన దగ్గర్నుంచీ పెంచింది కవర్లత్తే. కొత్త వ్యానుకి తొలి ప్రయాణం అదే అన్నారు. ఆవిడ మెత్తటి పాత చీరలతో చంటిదానికి బొంత కుట్టింది. మిగిలిపోయిన ఎనిమిదో తలానింపు కవరుకి పక్కల గుడ్డ కలిపి, దానికే సంచీ చేసింది. నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగలేదు. దేవుణ్ణి మాత్రం అడిగింది, ఒక్కసారి ఆ పిల్లని ఎత్తుకోనివ్వమని.

అడిగినట్టే, బయల్దేరే రోజు పొద్దున్నే చిన్నకొడుక్కి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ఫోనొచ్చింది. వాడు రావడం లేదు. ఒక సీటు ఖాళీ!

కవర్లత్త గబగబా ఉతికిన చీర కట్టుకుంది. మోకాళ్ళకి నూనె రాసుకుంది. బొంత సంచీ చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

అందరూ ఎక్కేశారు. మధ్య వరసలో ఒక కుర్చీలో మరదలు. రెండో కుర్చీలో చంటిదానికని కొన్న ఉయ్యాల పెట్టె.

“ఏం చేస్తామొదినగారూ, పాతదానికైతే పైన క్యారియరుండేది” అంది మరదలు. “దీనికి వెనక వరస సీట్లు వేస్తే వాటి వెనక చేసంచీ కూడా పట్టదు. ఈ పెట్టె ఎక్కడ పెట్టను?”

“ఒళ్ళో పెట్టుకుంటానే.”

“అంత పెట్టెనా? మీ మోకాళ్ళతోనా?”

ముందు సీట్లోంచి మాస్టారు తల తిప్పారు. “బొంత ఇటివ్వక్కా. బొంత వెళ్తే నువ్వెళ్ళినట్టే.”

పెద్దకొడుకు బండి స్టార్టు చేశాడు. వెంటనే బీప్ బీప్‌మని గోల మొదలైంది.

“నాన్నా, బెల్టు పెట్టుకోమంటోంది.”

“అందరం పెట్టుకున్నాం కదురా, ఇంకెవర్ని?”

“ఉయ్యాల పెట్టెని. సీట్లో బరువుంటే మనిషనుకుంటుంది.”

అందరూ పగలబడి నవ్వారు. “పాతదానికి ఇంత తెలివెక్కడిది?” అన్నారు మాస్టారు.

మనవరాలు వెనక నుంచి “కవర్లత్తా, నువ్వు నా ఒళ్ళో కూర్చో” అంది. “నోర్ముయ్” అంది కోడలు. వంగి బెల్టు లాగింది కానీ, నొక్కు దొరకలేదు. “అత్తయ్యగారూ, ఇది మీ కవరు లోపలికి పోయిందండీ. ఎక్కడుందో మీకే తెలియాలి.”

కవర్లత్త లోపలికి వంగింది. తను పెట్టిన చీలికలో రెండు వేళ్ళు దూర్చి నొక్కు బయటికి లాగింది. బొంత సంచీని ఉయ్యాల పెట్టె మీద పెట్టి, ముడతలు సవరించి, రెండిటినీ కలిపి బెల్టు బిగించింది. టిక్కుమంది. గోల ఆగింది.

దేవుడు అడిగినది ఇస్తాడంటారు. ఖాళీ సీటు ఇచ్చాడు మరి. అందులో ఎవరు కూర్చోవాలో కూడా అడిగి ఉండాల్సిందేమో!

ఆవిడ వెనక్కి జరిగి, పద్దెనిమిదేళ్ళ అలవాటున తలుపు వేయడానికి రెండు చేతులూ చాచింది. లోపల ఎవరో మీట నొక్కారు. చేతులు తగలకముందే తలుపు తనంతట తానే జరిగి మూసుకుంది.