ముందే పెట్టిన సంతకాలు

చక్రాల కుర్చీ బుధవారం తిరిగి వచ్చింది. పట్టుకెళ్ళిన దర్జీ ఆవిడ తేలేదు. పక్కింటివాళ్ళ చేత పంపింది.

మా షెడ్డులో మంచాలు, చక్రాల కుర్చీలు, చంక కర్రలు ఉంటాయి. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే పట్టుకెళ్తారు, అవసరం తీరాక తెచ్చిస్తారు. పనిచేసేవాళ్ళం తొమ్మిదిమంది. జీతాలు లేవు. వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేశాను కాబట్టి బిగింపు పని నాకిచ్చారు.

అంతకు నాలుగు రోజుల ముందు ఆ కుర్చీ వాకిట్లో పల్లానికి జారింది. అందులో ఉన్న దర్జీ తల్లి మెట్టు మీద పడింది. తుంటి విరిగింది.

కుర్చీ తిరగేశాను. కుడి బ్రేకు వేలాడుతోంది. నట్టు వేళ్ళతోనే తిరిగింది. అలా తిరగకూడదు. అక్కడ ఉండాల్సింది లాక్ నట్టు. లోపల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, ఎంత కుదిపినా వదలదు. అక్కడున్నది మామూలు నట్టు. వేసింది నేనే. ఆ వారం లాక్ నట్లు అయిపోయాయి. తరవాత మారుద్దామనుకున్నాను. మార్చలేదు.

తాళాలు చూసుకునే నర్సమ్మ వెనకే నిలబడి ఉంది. ఉద్యోగం మానేసినా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు.

"ఏముందన్నయ్యా?"

"చూస్తున్నా," అన్నాను. చూడటానికి ఇంకేం లేదు.

శనివారం మా వియ్యంకుడు ఇంటికొచ్చాడు. షెడ్డుకి అధ్యక్షుడు ఆయనే. ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసినవాడు. కూర్చోగానే జేబులోంచి కాగితం తీశాడు.

"బావగారూ, రేపు మీటింగు. బ్రేకు వెయ్యకుండా వదిలేశానని ఆవిడ దీనిమీద సంతకం పెడితే మనకి పేచీ ఉండదు."

"వేశానంటోంది కదా."

"ఆడలేక మద్దెల ఓడు! ఎవరైనా వేశామనే అంటారు."

"పెట్టకపోతే?"

"మంచం ఇవ్వం. ఆసుపత్రి నుంచి తల్లిని తెచ్చుకోవాలంటే మంచం కావాలిగా. పెట్టి తీరుతుంది."

"ఆ నట్టు..." అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తెలివితక్కువవాడు కాదు.

"మీ నోట్లోంచి నెలకి నాలుగు మాటలు వస్తాయి. రేపు ఆ నాలుగూ దాచుకోండి. మీ అమ్మాయి మా ఇంట్లో సుఖంగా ఉంది. మనిద్దరం ఎందుకు చెడాలి?"

ఆయన భయం నా ఒక్కడి గురించే కాదు. షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఒకరు బిగించాలి, ఇంకొకరు ప్రతి నట్టూ చేత్తో పట్టి, కుర్చీలో కూర్చుని ఊగి చూడాలి. చీటీ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండో మనిషి ఆయనే. మొదట్లో ఊగేవాడు. తరవాత, "మీరు బిగించింది నేను చూడటమేమిటి బావగారూ, మిమ్మల్ని అనుమానించినట్టుంటుంది," అని ఖాళీ చీటీల మీద ముందే సంతకాలు పెట్టి సొరుగులో పడేశాడు. నేను వద్దనలేదు. నాకు బాగానే అనిపించింది. ఊగినంత మాత్రాన ఆ రోజే తెలిసేదో లేదో చెప్పలేను. కానీ రెండో చెయ్యి పడితే ఇదేం నట్టని అడిగి ఉండేది.

ఆయన వెళ్ళాక అమ్మాయికి ఫోను చేశాను.

"నాన్నా, నువ్వు ఫోను చేశావా! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. మీ మామగారికీ నాకూ మాటా మాటా వస్తే నీకు కష్టమవుతుందా?"

"ఆయనతో నాకు కూరలో ఉప్పు దగ్గర్నుంచీ పేచీయే. ఇదీ అందులో కలిసిపోతుంది. ఏమైంది?"

"తప్పు నట్టు వేశాను. కుర్చీలోంచి దర్జీ ఆవిడ తల్లి పడింది."



"ఆవిడకి తెలుసా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?" అంది. ఫోను పెట్టేసింది.

ఆదివారం పొద్దున తొమ్మిదిమందిమీ షెడ్డులో కూర్చున్నాం. దర్జీ ఆవిడ స్టూలు అంచున కూర్చుంది. కొలత టేపు ఇంకా మెళ్ళోనే ఉంది. పని మధ్యలో వచ్చినట్టుంది. మా వియ్యంకుడు కాగితం చదివి వినిపించి, దానిమీద పెన్ను పెట్టాడు.

"నేను బ్రేకు వేశానండీ," అందావిడ. "వేసి, గిన్నె తేవడానికి లోపలికెళ్ళాను. అంతే."

"వేస్తే కుర్చీ ఎందుకు కదులుతుందమ్మా? దానికేమైనా కాళ్ళున్నాయా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"వారం నుంచి మా అమ్మ నా చేత్తో మంచినీళ్ళు కూడా తాగట్లేదు. నువ్వే నన్ను వదిలించుకోవాలనుకున్నావంటుంది. ఇప్పుడు మీరు రాసివ్వమంటున్నారు." పెన్ను తీసుకుంది. "పెడితే మంచం ఇవాళే ఇస్తారా?"

"ఇవాళే."

కాగితం తనవైపు తిప్పుకుంది. పెన్ను మొన కాగితానికి ఆనింది.

"పెట్టకమ్మా," అన్నాను.

అందరూ ఇటు తిరిగారు, గోడ మాట్లాడినట్టు.

"బావగారూ!" అన్నాడు వియ్యంకుడు.

లేచి కుర్చీని వాళ్ళ మధ్యకి లాగి తిరగేశాను. వేలు పెట్టి నట్టు తిప్పి చూపించాను. ఏ నట్టు ఉండాలో, నేనేం వేశానో చెప్పాను. అంత సేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. నట్టు ఊడి కిందపడి దొర్లింది.

"రెండోవాళ్ళు చూడలేదా?" అంది నర్సమ్మ.

నేను సొరుగు లాగి చీటీల కట్ట బల్లమీద పెట్టాను. వస్తువు పేరు లేదు, తారీఖు లేదు, కింద సంతకం మాత్రం ఉంది. నర్సమ్మ ఒక్కొక్కటే తిప్పింది. ఇరవై రెండు.

"నేను ఈయన్ని నమ్మి పెట్టాను," అన్నాడు వియ్యంకుడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"నమ్మితే చీటీ ఎందుకండీ మనకి?" అంది నర్సమ్మ.

"నేనూ వద్దనలేదు," అన్నాను. "ఇద్దరిదీ."

వెనక నుంచి ఎవరో, "ఇది బయటికి పొక్కితే రేపటి నుంచి మన గడప ఎవరూ తొక్కరు," అన్నారు. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. గొంతులు లేచాయి.

"బాబాయ్," అంది దర్జీ ఆవిడ, నా వైపు తిరిగి. "అలాంటి నట్టువి ఇంకెన్ని ఉన్నాయి?"

గొంతులు ఆగిపోయాయి.

"ఆరు."

"ఎక్కడ?"

"ఇళ్ళల్లో."

"మనుషులు కూర్చునే ఉన్నారా వాటిలో?"

నర్సమ్మ పుస్తకం తీసి ఆరు చిరునామాలూ గబగబా చదవడం మొదలుపెట్టింది. ఇద్దరు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. మా వియ్యంకుడు తను తెచ్చిన కాగితం వెనక్కి తిప్పి, షెడ్డు తలుపుకి అంటించడానికి జరిగింది రాయడం మొదలుపెట్టాడు. చెయ్యి నెమ్మదిగా కదిలింది.

"నా పేరు ముందు రాయండి," అన్నాను.

"నా సంతకమే ముందు పడింది బావగారూ. కుర్చీ బిగించకముందే." నా వైపు చూడలేదు. "ఇక మీ బిగింపు పని ఎవరు చెయ్యాలో అందరూ కలిసి తేలుస్తారు. నా అధ్యక్షుడి కుర్చీ సంగతి కూడా."

"సరే."

మంచం పంపిస్తామని నర్సమ్మ దర్జీ ఆవిడతో అంది.

"మంచం తరవాత. ముందు ఈయన్ని మా అమ్మతో చెప్పమనండి."

ఆసుపత్రికి నడిచే వెళ్ళాం. వార్డులో చివరి మంచం. ముసలావిడ మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుంది. కూతురి అడుగుల చప్పుడు వినీ తిరగలేదు.

నేను మంచం అవతలికెళ్ళి, ఆవిడకి కనపడేట్టు వంగి చెప్పాను. నట్టు సంగతి ఆవిడకేం తెలుస్తుంది. అందుకని, "బ్రేకు మీ అమ్మాయి వేసిందమ్మా. ఊడింది. సరిగ్గా బిగించనిది నేను," అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెడ మాత్రం అతికష్టం మీద కూతురి వైపు తిప్పింది.

"వేశానని చెప్పొచ్చు కదే."

"చెప్పానమ్మా," అంది కూతురు. "వారం నుంచీ చెప్తూనే ఉన్నాను."