దుప్పటి కింది కాలు

మగ్గం నేసేవాడి పనితనం ఊరంతా చూస్తుంది. వాడి కాళ్ళు మాత్రం ఎవరూ చూడరు. అవి మగ్గం కింద తవ్విన గుంతలో, తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. ధర్మవరంలో జయరాముడి కాళ్ళు కూడా అలాగే పాతికేళ్ళు ఎవరి కంటా పడకుండా బతికాయి. అందుకే కుడిపాదం చల్లబడడం మొదలైనప్పుడు ఆయన లెక్క చేయలేదు. గుంతలో ఉన్న పాదం చల్లగా కాక వెచ్చగా ఉంటుందా అనుకున్నాడు.

"మగ్గమోల్లకి మామూలే లేవే," అన్నాడు భార్య హేమావతితో.

ఆమె ఊరుకునే మనిషి కాదు. పొయ్యి మీద ఇటుక వేడి చేసి, పాత చీరముక్కలో చుట్టి రోజూ గుంతలో పెట్టేది. పోగు తెగినప్పుడల్లా జయరాముడు దాని మీద పాదం ఆనించి, తీరిగ్గా పోగు అతికేవాడు. ఎంతో ప్రేమగా పెట్టిన ఇటుక అది. ఆ ప్రేమకు పాదం మాడుతున్న సంగతి మొద్దుబారిన పాదానికే తెలియలేదు. చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది, పగిలింది, పుండయింది. మానలేదు సరికదా, వేలు నల్లబడసాగింది.

జయరాముడికి మూత్రపిండాలు పాడై చాలాకాలమైంది. వారానికి మూడుసార్లు అనంతపురం వెళ్ళి, ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటాడు. అంతమంది డాక్టర్లు, నర్సుల మధ్య పడుకునే మనిషి ఆ పుండు ఒక్కరికీ చూపించలేదు. పిచ్చోడు కాదు. ఆయన భయం ఆయనది. పక్క మంచం రామప్ప ఒకరోజు కాలిపుండు చూపించాడు. తర్వాత మోకాలి పైదాకా కాలు తీసేశారు. చూపిస్తే కోస్తారని జయరాముడి మనసులో నాటుకుపోయింది. కాలు లేని నేతగాడు ఇంట్లో మూలన కూర్చోవాల్సిందే కదా.

ఆ హాల్లో ఏసీ చలికి అందరూ ఇంటినుంచి దుప్పట్లు తెచ్చుకునేవాళ్ళు. జయరాముడు తన దుప్పటిని పాదాల కిందికి మడిచి, గట్టిగా బిగించుకునేవాడు. సర్దడానికి నర్సు కృపాకుమారి వస్తే కసురుకునేవాడు.

"నా దుప్పటి జోలికి రావద్దు సిస్టరమ్మా. నాకు సలి."

"ఊరందరికీ లేని సలి నీకేందన్నా?" అనేది ఆమె నవ్వుతూ.

ఒకనాడు మిషను నడుస్తుండగా బీపీ ఒక్కసారిగా పడిపోయింది. జయరాముడికి కళ్ళు బైర్లు కమ్మాయి. అలాంటప్పుడు మనిషి కాళ్ళు ఎత్తిపెట్టాలి. కృపాకుమారి పరుగున వచ్చి దుప్పటి లాగి పడేసింది. ఆయనకు తెలివి వచ్చేసరికి పసుపు పూసిన గుడ్డకట్టు విప్పేసి ఉంది. ఒక్కో పాదం మీద ఒక్కో చెయ్యి వేసి, ఆమె నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు.

"ఈ కాలు ఇంత సల్లగా ఎప్పటినుంచి ఉండాదన్నా?"

"నా కాలు ముట్టొద్దు! నీకేం పని? బీపీ చూసుకొని పో!"

హాలంతా తలలు తిప్పి చూసింది. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె తిట్లు పడింది కానీ పాదం వదల్లేదు. డాక్టరుకు ఫోను చేసేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

తర్వాతి దఫా జయరాముడు అనంతపురం వెళ్ళలేదు. మగ్గంలో కూర్చున్నాడు. మిషను తప్పితే ప్రాణానికే ముప్పు అని తెలిసీ మొండికేశాడు. కృపాకుమారి హేమావతికి ఫోను చేసింది. సంగతంతా విన్న హేమావతి ఫోను పెట్టేసి, తిన్నగా గుంత దగ్గరికి వచ్చి కూలబడింది.

"నా చేతులతోనే కాల్చినానయ్యా," అంది. ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "వెచ్చగా ఉంటాదని కదయ్యా పెట్టింది. పుండు నాకన్నా చూపీకూడదా? రా, పోదాం. కోస్తే కోయనీ. నువ్వు ఉండాల నాకు."

ఆ ఇటుక పాపం ఆమె తన నెత్తిన వేసుకుంటుందని జయరాముడికి అంతవరకూ తోచలేదు. సిగ్గుతో మగ్గం దిగాడు.

రక్తనాళాల డాక్టరు చంద్రమోహన్ స్కానింగు పటం చూపిస్తూ నిదానంగా చెప్పాడు. "మీ ఊళ్ళో బోరుపైపుల్లో సున్నం పడతాది కదప్పా, నీళ్ళు సన్నగా వస్తాయి. డయాలసిస్ మనుషులకు రక్తనాళాల్లో అట్లే సున్నం పేరుకుంటాది. నీ మోకాలి కింద దారి పూడిపోయింది. నీ తొడలో నరం తీసి, పూడిన చోటు దాటించి, పాదం దగ్గర మంచి నాళానికి కుడతాం. ముందు రక్తం పారించాల. కోసేది ఆ తర్వాత, నల్లబడిన వేళ్ళ వరకే."

"కాలు ఉంటాదా సార్? మగ్గం తొక్కొచ్చునా?"

"ఖాయంగా చెప్పలేను. నీ బోటోళ్ళకు గాయం మానేది కష్టం, గుండెకూ ప్రమాదమే. కానీ చెయ్యకపోతే కాలు పోయేది మాత్రం ఖాయం."

దాచిపెట్టకుండా చెప్పిన ఆ మాటే జయరాముడికి ధైర్యమిచ్చింది. తలూపాడు.

ఆపరేషను ముందురోజు మిషను మీద పెట్టారు. మర్నాడు పొద్దున లోపలికి తీసుకుపోతే సాయంత్రానికి బయటికి తెచ్చారు. హేమావతి ఆయన ముఖం వైపు కూడా చూడకుండా పాదం దగ్గరికి పోయింది. కట్టు బయట కనిపిస్తున్న అరికాలి మీద భయం భయంగా అరచెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తీయలేదు.

"ఏమే?" అన్నాడు జయరాముడు నీరసంగా.

"వెచ్చగా ఉండాదయ్యా," అంది. "ఇటుక లేకుండానే వెచ్చగా ఉండాది."

ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది.

రెండు వేళ్ళు పోయాయి. పుండు మానడానికి నెలల తరబడి కట్లు కట్టారు. ఎండాకాలం పోయి, రావలసిన వాన రాక, శనక్కాయ చేలు ఎండిపోయే రోజులొచ్చాయి. అప్పటికి గాయం మూసుకుంది. మగ్గానికి టెంకాయ కొట్టి, హేమావతి పట్టుకోగా జయరాముడు గుంతలోకి దిగాడు. పాదం చెక్కమీంచి జారింది. చెక్కకు గుడ్డపీలిక చుట్టి మళ్ళీ తొక్కాడు. పోగు మోసే నాడె ఆ కొసకు పోయి ఈ కొసకు వచ్చింది. అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అంతా బాగానే ఉంది కానీ, కృపాకుమారికి ఒక్క మంచిమాట చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. చెప్పాలనే పోయేవాడు. ఆమె ఎదురు పడగానే ఆ మాట దారి తప్పేది. నోట్లోంచి వేరే మాట వచ్చేది. "ఏంది సిస్టరమ్మా, సూది ఇంత మొద్దుగా పొడుస్తాండావు?" అనేవాడు. తర్వాత దారిపొడుగునా తనను తానే తిట్టుకునేవాడు. మొండి మనిషికి కృతజ్ఞత కూడా మొండిగానే వస్తుంది మరి.

ఈమధ్య పక్క మంచానికి గార్లదిన్నె నుంచి తిప్పేస్వామి అనే కూలిమనిషి వస్తున్నాడు. అతని దుప్పటి పాదాల కిందికి మడిచి, గట్టిగా బిగించి ఉంటుంది. జయరాముడు రెండు దఫాలు చూశాడు. మూడోసారి తన సూదులు తీశాక, ఇంటికి పోకుండా ఆ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా, కాళ్ళకు అంత సలా?"

"అవునన్నా, సలే," అన్నాడు తిప్పేస్వామి, చూపు తప్పిస్తూ.

జయరాముడు చెప్పు విడిచి, పంచె తొడదాకా ఎత్తి, కుడికాలు తీసి మంచం అంచున పెట్టాడు. తొడనుంచి దిగిన పొడుగాటి కుట్ల మచ్చ, మూడే వేళ్ళున్న పాదం. ఇంటి బయట ఒక్కరికీ తనంతట తాను చూపని కాలు అది.

"ముట్టి చూడు. నేనూ నీ మాదిరే దాచినా. ముందే చూపీంటే ఈ రెండూ పోయేటివి కాదేమో. అయినా దీంతోనే మగ్గం తొక్కుతాండా. ఇప్పుడు నీది చూపీ."

తిప్పేస్వామి ఆ పాదం ముట్టుకున్నాడు. చాలాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత సూదులు లేని చేత్తో తన దుప్పటి మడత మెల్లగా లాగాడు. వేళ్ళు ఇంకా నల్లబడలేదు. బొటనవేలి కింద చిన్న పుండు, అంతే. జయరాముడు అరచెయ్యి ఆనించాడు. ఆ చల్లదనం ఆయనకు బాగా తెలుసు.

"సిస్టరమ్మా!" అని కేక పెట్టాడు.

కృపాకుమారి వచ్చి రెండు పాదాలూ పట్టి చూసి, "ఇంకా టైముండాది. ఇప్పుడే డాక్టరుకు చెప్తా," అంది.

"ఈ యమ్మ యాడ కనిపెడతాదో అని భయపడ్నాన్నా," అని తిప్పేస్వామి జయరాముడితో గొణిగాడు.

"నేనూ భయపడినా. ఆ పొద్దు ఈ యమ్మను తిట్టరాని తిట్లు తిట్టినా," అన్నాడు జయరాముడు. ఈసారి మాట దారి తప్పలేదు. కృపాకుమారి వైపు తిరిగి, హాలంతా చూస్తుండగా రెండు చేతులూ జోడించాడు. "నా కాలు నువ్వు పెట్టిన బిచ్చమే తల్లీ."

ఆమె తిప్పేస్వామి పాదం వదలకుండానే, ఇంకో చేత్తో డాక్టరుకు ఫోను కలిపింది.