గ్లాడిస్‌కు బల్ల

లయనల్‌కు వచ్చిన తెలుగులో సగం వాళ్ళ అవ్వతోనే మట్టిలో కలిసిపోయింది. మిగిలిన సగం తిండికీ తిట్లకూ ప్రార్థనలో మొదటి రెండు ముక్కలకూ సరిపోయేది. కాబట్టి ఆ ఆదివారం సీ కౌ లేక్ చర్చి మెట్ల మీద మృదుల ఆపి తెలుగులో ఒక మాట అడిగితే, అర్థమైనట్టే తలూపాడు.

"తాతగారూ, తలుపు పక్కన కూర్చుంటుందే, ఆవిడకి బల్ల ఇవ్వరేమండీ?"

మృదుల ఒంగోలు పిల్ల. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు మొగుడి ఉద్యోగం వెంట డర్బన్ వచ్చింది. తనూ ఒక ఆస్పత్రిలో మందులిచ్చే పని చూసుకుంది. చర్చికి రావడం అది మూడో వారం.

ఆవిడ అంటే గ్లాడిస్. అక్కడి నల్లవాళ్ళలో జులూ మనిషి, యాభై దాటింది. నాలుగేళ్ళుగా చర్చి ఊడ్చి తుడిచేది ఆమే. శనివారం పని ముగించుకుని వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. అయినా ఆదివారం ఉతికిన గౌను వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని మళ్ళీ వచ్చేది. లోపల బెంచీల మీద ఎవరి పేరూ రాసి లేదు గాని, ఏ చోటు ఏ కుటుంబానిదో పసిపిల్లకు కూడా తెలుసు. అందుకని ఆమె వంటగదిలోంచి ఒక పీట తెచ్చుకుని తలుపు పక్కన వేసుకునేది.

లయనల్ ఆ చర్చిలో ఇరవై రెండేళ్ళుగా డీకన్, అంటే సంఘ పరిచారకుడు. నెలలో మొదటి ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం కప్పులు వరసవరసకూ అందించేది ఆయనే. పళ్ళెం వరసకు ఈ చివర ఇస్తే చేతులు మారుతూ ఆ చివరికి పోయేది. తలుపు దగ్గరి పీట ఏ వరసలోనూ లేదు. అక్కడికి పళ్ళెం పోలేదు. ఎందుకు పోలేదని ఆయన అనుకున్నదీ లేదు. గ్లాడిస్‌కు ఉత్తరం లేదు, అంతే. వేరే సంఘం నుంచి వచ్చినవాళ్ళు, ఫలానా మనిషి మా దగ్గర బాప్తిస్మం పొందింది, నడవడి మంచిది అని అక్కడి పాస్టరు చేత రాయించుకుని రావాలి. అది చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తాతల నాటి నియమం. గ్లాడిస్ వాళ్ళ గుడి కొండవతల పార్టీల గొడవల్లో కాలిపోయింది. పాస్టరు ఏమయ్యాడో ఎవరూ ఎరగరు. బూడిద ఉత్తరం రాస్తుందా? ఆ సంగతి ఆమె వచ్చిన మొదటి నెలలోనే తేలిపోయి, అక్కడే ఉండిపోయింది.

మృదుల మాట చెవిన పడగానే ఆయనకు తట్టింది వేరు. "బల్ల మీద కూచో, కాళ్ళూపకు," అనేది అవ్వ. బల్లంటే కూర్చునేది. నిజమే కదా, నాలుగేళ్ళుగా ఆ మనిషి పీట మీదే కూర్చుంటోంది! నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు కనిపించింది, తనకు కనిపించలేదు. లయనల్‌కు సిగ్గేసింది.

ఫర్నిచరు ఫ్యాక్టరీలో ముప్పై ఏడేళ్ళు వడ్రంగం చేసిన చేతులు. సోమవారం పొద్దున్నే చెక్క తెచ్చి వెనక షెడ్డులో రంపం పెట్టాడు. భార్య బియాట్రిస్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడింది.

"ఏంటది?"

"బల్ల."

"ఎవరికి?"

"గ్లాడిస్‌కి."

"నా కిచెన్ తలుపు ఆర్నెల్ల నుంచి ఏలాడతంది, దానికి మాత్రం టైము లేదు. ఎందుకు సేస్తన్నావో సెప్పు మొద్దు మనిషీ. నోరు తెరిస్తే ముత్యాలు రాల్తాయా?"

లయనల్ చెక్క మీది పొట్టు ఊదాడు. బియాట్రిస్ కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె జవాబులు ఆమే చెప్పుకోవడం నేర్చుకుంది.

మేకు లేకుండా, చెక్కలోకి చెక్క దిగేటట్టు చేశాడు. చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేశాడు. అంచులు గుండ్రంగా తీశాడు, గౌను చిరగకుండా. మరుసటి నెల మొదటి ఆదివారం అందరికంటే ముందు వచ్చి, చివరి వరస వెనక కిటికీ పక్కన వేశాడు.

"నాకా బాబా?" అంది గ్లాడిస్, జులూలో పెద్దవాళ్ళను పిలిచే పిలుపుతో.

"కూచో," అన్నాడు.

ఆమెతో ఆయన మాట్లాడేది 'ఫనకలో' భాషలో. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని చెప్పేవాళ్ళూ పని చేసేవాళ్ళూ వాడుకునే, జులూలో ఇంగ్లీషు కలిపిన కలగూరగంప అది. ఆయనకు వచ్చిన ఫనకలోలో తే, పెట్టు, ఎత్తు, దించు, ఆపు ఉన్నాయి. బతిమాలే మాట ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీలో ఆయనకు దానితో పని పడలేదు.

గ్లాడిస్ కూర్చుంది. బల్లను అరచేత్తో నిమిరింది. ఆ పూట లయనల్ పళ్ళేలు అందిస్తూ రెండుసార్లు అటు చూసుకున్నాడు. చివరి వరస దాకా ఇచ్చి, పళ్ళెం తీసుకుని ముందుకు నడిచాడు.

ఆరాధన అయ్యాక మృదుల మళ్ళీ పట్టుకుంది. "ఈ నెల కూడా బల్ల ఇవ్వలేదేమండీ తాతగారూ?"

"ఇచ్చినాను గదమ్మా! దాని మీదే గదా కూకుంది. నా సేత్తో సేసినా."

మృదుల బల్లను చూసింది, ఆయనను చూసింది, పక్కున నవ్వింది. ఆయన మొహం చూసి ఆ నవ్వు సగంలోనే ఆపుకుంది.

"అది కాదండీ. మా ఊళ్ళో ప్రభువు బల్ల అంటాం. రొట్టె, రసం. బల్ల తీసుకున్నావా అంటే అదేనండీ."

"కమ్యూనియనా?"

"అదే."

లయనల్ వెళ్ళి తను చేసిన బల్ల పక్కన నిలబడ్డాడు. ఎక్కడా వంకర లేదు, సందు లేదు. మనిషిని పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, ఆమె ముందు నుంచే అన్నం పళ్ళెం తీసుకుపోయినట్టుంది తను చేసిన పని.

జనం పల్చబడ్డాక, మిగిలిన రొట్టె ముక్కొకటి పళ్ళెంలో పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళాడు. గ్లాడిస్ కప్పులు కడుగుతోంది. బొటనవేలంత గాజు కప్పులు, ఎనభై పైన. నెల నెలా వాటిని కడిగేది ఆమే. ఆయన పళ్ళెం చాపాడు.

"తీసుకో."

ఆమె చేతులు తుడుచుకుంది గాని, చాపలేదు. "ఏంటిది బాబా?"

"నీది."

"అందరూ వెళ్ళిపోయాక నాదా?" గ్లాడిస్ ఇంగ్లీషులో మెల్లగా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ మాట్లాడింది. "పన్నెండేళ్ళు ఒక అమ్మగారింట్లో మిగిలిన అన్నం తిన్నాను. వంటింట్లో, నిలబడి. కడుపు కోసం తిన్నాను, దానికి సిగ్గు లేదు. ఇది కడుపు కోసం తినేది కాదు. దీన్ని వంటింట్లో తినను."

ఆయన పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మా గుడి కాలింది బాబా. నేను కాలలేదు," అని ఆమె మళ్ళీ కప్పులవైపు తిరిగింది.

ఆ సాయంత్రమే లయనల్ ప్రెగ్గీ ఇంటికి వెళ్ళాడు. ప్రెగ్గీ స్కూలు మాస్టరు, సంఘానికి సెక్రటరీ. ఎక్కడ ఏ నియమం ఉందో పేజీ నంబరుతో చెప్పగలడు.

"అంకుల్, నేను అడ్డం పడట్లేదు, రూలు అడ్డం పడతంది. లెటర్ తెమ్మను."

"గుడి కాలిపోయింది."

"ఐ నో. రేపు ఇంకోళ్ళొచ్చి మాదీ కాలిందంటే?"

"కాలుంటే?"

ప్రెగ్గీ గడ్డం గోక్కున్నాడు. "నాలుగేళ్ళు పళ్ళెం పట్టుకు తిరిగింది మీరే గదా. ఒక్కసారైనా అడిగినారా? ఇప్పుడొచ్చి నన్నంటారేంటి?"

లయనల్ లేచి వెళ్ళలేదు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. ఎదుటివాడు మాట్లాడితే ప్రెగ్గీ గెలుస్తాడు, మాట్లాడకపోతే ఆగలేడు. చివరికి విసుక్కుంటూ నియమాల పుస్తకం తీశాడు.

"ఉంది. లెటర్ లేకపోతే టెస్టిమొని. మనిషి సంఘం ముందు నిలబడి తన సాక్ష్యం సెప్పాలి, సంఘం ఓటెయ్యాలి. నేనొచ్చినాక ఎవరూ వాడలేదు. ముందుగా ఒక డీకన్ లేసి సంఘాన్ని అడగాలి." పుస్తకం పక్కన పెట్టి నవ్వాడు. "అడగటమంటే నోటితో, అంకుల్."

గ్లాడిస్ వచ్చేది శనివారమే అయినా, మర్నాడే లయనల్ చర్చి చుట్టూ తిరిగాడు. శనివారం దాకా రోజూ తిరిగాడు. గ్లాడిస్ చీపురు పట్టుకుని వచ్చినప్పుడు ఎదురు వెళ్ళాడు. ఆమెను అడగాలి. తనకు వచ్చిన ఫనకలోలో అడగడం లేదు. అందుకని హుకుం మాటనే పట్టుకుని, చివర గొంతు పైకి ఎత్తాడు.

"చెప్పు?" అన్నాడు. "సంఘం ముందు. నీ సంగతి. చెప్పు?"

"అందరి ముందా?"

"అందరి ముందు."

గ్లాడిస్ చీపురు గోడకు ఆనించింది. "జులూలోనే చెబుతాను. దేవుడి సంగతి ఇంగ్లీషులో నాకు రాదు."

సంఘ సమావేశం ఆ వచ్చే ఆదివారం ఆరాధన వెంటనే జరిగింది. పైకప్పు మరమ్మతూ పండగ భోజనాలూ అయ్యాక లయనల్ లేచాడు. ఆయన లేవడం చూసి జనం గుసగుసలు ఆపేశారు.

"గ్లాడిస్," అన్నాడు. "టెస్టిమొని. మనం వినాలి." కూర్చున్నాడు.

వెనక నుంచి ఎవరో నవ్వారు. బియాట్రిస్ పక్కామెతో గొణిగింది: "ఇరవై రెండేళ్ళకి నోరు తెరిసి నాలుగు మాటలు. ఈయన కొట్టు తెరిస్తే బోణీ కూడా అవదు." అలా అన్నది గాని, మొగుడి మోకాలి మీద చెయ్యి వేసింది.

రెండో వరసలో వయొలెట్ అందరికీ వినబడేటట్టే అంది. "ఇన్నేళ్ళు లేని తొందర ఇప్పుడేంటో! ఎలక్షన్ అయినాక అందరూ ముందు బెంచీకే వస్తన్నారు."

గ్లాడిస్‌కు ఆ మాట అర్థమైందో లేదో. నడిచి ముందుకు వచ్చి నిలబడింది. పాస్టరుకు జులూ అంతగా రాదు, పిల్లలకు అసలే రాదు. ఆమె మాటలు ఎవరు తిప్పి చెబుతారని ప్రెగ్గీ చుట్టూ చూస్తే, కొంచెమైనా తెలిసిన తలకాయ లయనల్‌దే. మళ్ళీ లేవక తప్పలేదు.

ఆమె మొదలుపెట్టింది. ఏరు పారినట్టు మాట్లాడింది. ఆ మాటల్లో విశ్వాసం ఉంది, కృప ఉంది, నిరీక్షణ ఉంది. అవేవీ లయనల్ ఫ్యాక్టరీలో లేవు. తెలిసిన మాటలు ఏరుకుని, తెలియనివి వదిలేసి, చెక్క తూకం చూసేవాడిలా ఒక్కొక్కటే కింద పెట్టాడు.

"చిన్నప్పుడు... ఏటికి తీసుకుపోయినారు. దించినారు. ఎత్తినారు."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"గుడిలో పాడేది. ముప్పై ఏళ్ళు. తరవాత మనుషులొచ్చినారు. ఇల్లు కాలింది. గుడి కాలింది. కొడుకు..." ఆగాడు. గ్లాడిస్ వైపు తిరిగి, సరిగ్గా విన్నానా అన్నట్టు చూశాడు. ఆమె తలూపింది. నాలుగేళ్ళలో ఆమెకు కొడుకున్నట్టు ఆయనకు తెలియదు. "కొడుకు ఇంటికి రాలేదు. ఇంక రాడు."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

"ఈమె దేవుణ్ణి తిట్టింది. రోజూ తిట్టింది. ఆయన..." ఆమె అన్న మాట చాలా పొడుగ్గా ఉంది, అందులో సగం ఆయనకు అందలేదు. అందిన సగాన్ని తన దగ్గరున్న మాటల్లోకి దించాడు. "ఆయన పని మానలేదు. షిఫ్టు దిగలేదు."

పాస్టరు చేతులెత్తమన్నాడు. బియాట్రిస్ చెయ్యి మొదట లేచింది. తరవాత మృదులది, తరవాత అక్కడొకటి, ఇక్కడొకటి. అన్నీ లేవలేదు. వయొలెట్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ప్రెగ్గీ లెక్క చూసుకుని, చాలు అని, సభ్యుల పుస్తకం తెరిచాడు.

"పూర్తి పేరు?" అని లయనల్‌ను అడిగాడు.

లయనల్ నోరు తెరిచాడు. నాలుగేళ్ళు. ఇంటిపేరు తెలియదు. ముఖం ఎర్రబడి ఆమె వైపు తిరిగాడు.

"నోముసా గ్లాడిస్ సిబియా," అంది ఆమె, ప్రెగ్గీతోనే. రాసేటప్పుడు దగ్గరికి వెళ్ళి అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో వంగి చూసుకుంది.

ఆ తరవాతి నెల మొదటి ఆదివారం గ్లాడిస్ లోపలికి వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక నడవలో నిలబడింది. రెండో వరస ఈ చివర బియాట్రిస్ మోకాళ్ళు పక్కకు తిప్పి లోపలికి దారిచ్చి, గౌను పట్టుకుని లాగింది. "ఏం సూస్తన్నావు? కమ్, కమ్. ఇటు కూచో." అటువైపు వయొలెట్ కూర్చుని ఉంది. జరగలేదు. జరగకపోయినా చోటు సరిపోయింది.

లయనల్ పళ్ళెం తెచ్చి వరస ఈ చివర బియాట్రిస్‌కు ఇచ్చాడు. ఆమె తన ముక్క తీసుకుని గ్లాడిస్‌కు అందించింది. గ్లాడిస్ ముక్క తీసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. తరవాత పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని వయొలెట్ వైపు చాపింది.

వయొలెట్ వెంటనే తీసుకోలేదు. ముందుకు చూస్తూ కూర్చుంది. తీసుకోకపోతే ఆ వరసలో అవతలి ఆరుగురికీ రొట్టె లేదు. తీసుకుంటే ఆ చేతుల్లోంచే తీసుకోవాలి. పియానో వాయించే పిల్ల అయోమయంగా అదే చరణం మళ్ళీ ఎత్తుకుంది. గ్లాడిస్ చేతులు దించలేదు.

లయనల్ వెళ్ళి ఆ పళ్ళెం తీసుకుని వయొలెట్‌కు తనే ఇవ్వవచ్చు. నాలుగు అడుగులు. ఆయన కదల్లేదు. వరస ఆ చివరకు వెళ్ళి, పళ్ళెం ఎప్పుడు వస్తే అప్పుడే రానీ అని నిలబడ్డాడు.